మంచు కొండలకు హెడ్‌ల్యాంప్: పెట్జిల్ యాక్టిక్ కోర్, అందులో వేయదగిన బ్యాటరీలు

డిసెంబరు, జనవరి నెలల్లో హిమాలయాల మంచుబాట పట్టే యువతీయువకులు ఇప్పుడు నల్లగొండలోనూ పాలమూరులోనూ తరచుగానే కనిపిస్తున్నారు. భువనగిరి కొండమీద రాళ్లెక్కడంలో తొలి పాఠాలు నేర్చుకున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్న తరువాత, మంచు కొండలు మనకు అందనివన్న మాట ఈ ప్రాంతంలో చెల్లకుండా పోయింది. అది ఎంతో సంతోషించవలసిన మార్పు. అయితే బూట్ల కోసం, జాకెట్టు కోసం వారాల తరబడి వెతికేవారు కూడా నుదుటికి కట్టుకునే దీపమైన హెడ్‌ల్యాంపును ప్రయాణానికి ముందు రోజు, దొరికినచోట, చేతికందినది కొంటున్నారు. అందులో వేసే సెల్లనైతే రైల్వే స్టేషన్ దగ్గరి కిరాణా కొట్లోనే తీసుకుంటున్నారు. అందుకే నేను వాడుతున్న పెట్జిల్ కంపెనీ యాక్టిక్ కోర్ హెడ్‌ల్యాంపు గురించిన ఈ సమీక్షలో బ్యాటరీలకే ఎక్కువ చోటిస్తున్నాను. గడ్డకట్టే చలిలో మనల్ని చీకట్లో వదిలేసేది దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే తప్ప దీపం కాదు.

ముందుగా అవసరమేమిటో చూద్దాం. మన వైపు నుంచి వెళ్లేవారిలో చాలామంది మొదట ఎంచుకునేది ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ. సాంక్రీ అనే గ్రామం నుంచి మొదలయ్యే ఈ నడక దాదాపు 12,500 అడుగుల ఎత్తున ముగుస్తుంది. సూర్యోదయానికి శిఖరం దగ్గర ఉండాలన్న ఉద్దేశంతో చివరి శిబిరం నుంచి తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్యే బయలుదేరదీస్తారు. చలికాలంలో అక్కడ సూర్యుడు దాదాపు ఏడు గంటలకు గానీ కనిపించడు. అంటే నాలుగైదు గంటలపాటు నడకంతా నుదుటిమీది వెలుగులోనే సాగాలి. రెండు చేతుల్లోనూ కర్రలుంటాయి, చేతులకు దళసరి తొడుగులుంటాయి, ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల దాకా పడిపోవచ్చు. ఆ స్థితిలో దీపం ఆరిపోతే సెల్లు మార్చడానికి తొడుగులు తీయాలి, తీసిన కొద్దిసేపటికే వేళ్లు మొద్దుబారుతాయి. వెనక వరసలో ఉన్నవారంతా అక్కడే నిలబడిపోవలసి వస్తుంది. ఈ దృశ్యాన్ని ముందే ఊహించుకుంటే హెడ్‌ల్యాంపును ఏ కొలతలతో ఎంచుకోవాలో తెలిసిపోతుంది.

నల్లగొండ గడియారం సెంటరు చుట్టుపక్కల ఎలక్ట్రికల్ దుకాణాల్లో హెడ్‌ల్యాంపు అడిగితే ముందుగా చూపించేది పొలాల్లో వాడే రకం. ఆ దీపాలను నేను తక్కువ చేసి మాట్లాడను. రాత్రిపూట కరెంటు వచ్చే కాలంలో మోటారు దగ్గరికి పోయే రైతుకూ, మడి గట్లమీద పాములుండే చోట నీళ్లు పారించే కూలీకీ అవి ఎంతో మేలు చేశాయి. దూరం విసిరే వెలుగు, పెద్ద బ్యాటరీ, రాత్రంతా నిలిచే శక్తి వాటి బలాలు. కానీ వాటిని తయారుచేసింది మన వాతావరణం కోసం. వాటిలో చాలావాటికి లోపలి బ్యాటరీని విప్పి మార్చే వీలుండదు, బరువు ఎక్కువ, పట్టీ ఉన్ని టోపీమీద నిలవదు. ఇక పెట్టెమీద ‘10,000 ల్యూమెన్లు’ (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) అని ముద్రించి అమ్మే చవకరకాల సంగతి వేరు. వాటిలో ఉండే 18650 సైజు సెల్లుమీద ‘9,900 ఎంఏహెచ్’ అని రాసి ఉంటుంది, అది సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఆ సెల్లులో మంచి కంపెనీలు సైతం 3,500 ఎంఏహెచ్‌కు అటూ ఇటుగా మాత్రమే శక్తిని నింపగలుగుతున్నాయి. కాబట్టి 9,900 అన్న అంకె కనిపించిన వెంటనే ఆ వస్తువును పక్కన పెట్టవచ్చు. ఆ ఒక్క అంకెలో అబద్ధం ఉన్నప్పుడు నీటి రక్షణ గురించీ, చలి గురించీ దానిమీద రాసిన మిగతా మాటలను నమ్మవలసిన పని లేదు.

ల్యూమెన్ల విషయంలో మన ఆశ అవసరాన్ని మించిపోతోంది. మంచు తెల్లగా ఉండి పడిన వెలుగును తిరిగి కొట్టడం వల్ల, నల్లరేగడి చేలో 300 ల్యూమెన్లతో కనిపించే దాని కంటే మంచుబాటమీద 100 ల్యూమెన్లతోనే స్పష్టంగా కనిపిస్తుంది. వరసలో నడిచేటప్పుడు అంతకు మించిన వెలుగు ముందువారి వీపుమీద పడి మన కళ్లకే అడ్డమవుతుంది. పొగమంచులో, మంచు కురుస్తున్నప్పుడు పెద్ద వెలుగు మరీ ఇబ్బంది, ఎందుకంటే రేణువులన్నీ మెరిసి ఎదుట తెల్లటి తెర లేస్తుంది. దారి తప్పి గుర్తులు వెతకవలసి వచ్చినప్పుడు మాత్రం కొద్ది నిమిషాలపాటు పెద్ద వెలుగు కావాలి. యాక్టిక్ కోర్ గరిష్ఠంగా 600 ల్యూమెన్లు ఇస్తుంది. నేను ఆ స్థాయిని వాడేది చాలా అరుదు. మధ్య స్థాయిలోనే నడక మొత్తం సాగుతుంది, గుడారంలో ఉన్నప్పుడు అతి తక్కువ స్థాయి సరిపోతుంది.

పెట్టెమీద ఇచ్చే గంటల లెక్కను కూడా అర్థం చేసుకుని చదవాలి. పేరున్న కంపెనీలు పాటించే ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం, దీపం వెలిగించిన 30 సెకన్ల తరువాత ఉన్న వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా పట్టే కాలాన్ని ‘నడిచే సమయం’ అంటారు. ‘రెండు గంటలు’ అని ఉంటే రెండు గంటలూ నిండు వెలుగు ఉంటుందని కాదు, ఆ సమయంలో ఎక్కువ భాగం వెలుగు తగ్గుతూనే ఉండవచ్చు. పైగా ఆ పరీక్ష గది ఉష్ణోగ్రత దగ్గర, కొత్త బ్యాటరీలతో జరుగుతుంది. మైనస్ 10 డిగ్రీల లెక్క ఆ పెట్టెమీద ఎక్కడా ఉండదు, దాన్ని మనమే వేసుకోవాలి.

చలిలో బ్యాటరీకి ఏమవుతుందో తెలుసుకుంటే ఆ లెక్క వేయడం సులువు. మన ప్రాంతంలో బ్యాటరీలకు శత్రువు ఎండే. మే నెలలో కారులో వదిలేసిన పవర్ బ్యాంకు ఉబ్బిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఎండ కలిగించే నష్టం శాశ్వతమైనది, సెల్లు లోపలి పదార్థం చెడి దాని ఆయుష్షు తగ్గిపోతుంది. చలి చేసేది వేరు. సెల్లులో విద్యుత్తును మోసే అయాన్లు ఒక ద్రావణంలో ఈదుతూ ఒక వైపు నుంచి మరో వైపుకు పోవాలి. చలికాలపు ఉదయం సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె ఎలా జారదో, చల్లబడిన ద్రావణంలో అయాన్లకూ కదలిక అలాగే మందగిస్తుంది. సెల్లు అంతర్గత నిరోధం పెరుగుతుంది, దీపం గట్టిగా కరెంటు అడిగినప్పుడు వోల్టేజి కుంగిపోతుంది, దీపంలోని సర్క్యూటు సెల్లు అయిపోయిందని భావించి వెలుగు తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది. శక్తి మాత్రం లోపలే ఉంటుంది. అదే సెల్లును చంకలో పెట్టుకుని వేడిచేస్తే మళ్లీ వెలుగుతుంది. ఎల్‌ఈడీ దీపానికైతే చలి అనుకూలమే, చల్లగా ఉన్నప్పుడు అది ఇంకాస్త సమర్థంగా పనిచేస్తుంది.

ఈ విషయాన్ని చదివి నమ్మవలసిన అవసరం లేదు, ఇంట్లోనే చూడవచ్చు. నల్లగొండలో జనవరి రాత్రుల్లో ఎంత చలి పెట్టినా పది, పన్నెండు డిగ్రీల దగ్గర ఆగుతుంది. రాచకొండ గుట్టల్లోనో భువనగిరి కోట దగ్గరో ఆ చలిలో ఏ సెల్లయినా పనిచేస్తుంది, అక్కడ పనిచేసిందని మంచులోనూ పనిచేస్తుందనుకోవడం సరికాదు. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ మాత్రం సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. కేదార్‌కంఠ శిబిరంలో ఎదురయ్యే చలికంటే అది ఎక్కువే. నేను హెడ్‌ల్యాంపును సెల్లతో సహా గాలి చొరబడని జిప్ కవరులో పెట్టి, రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, తెల్లవారి కవరు విప్పకుండానే బటన్ నొక్కి చూశాను. పక్కన అదే రకం సెల్లను బయట గదిలో ఉంచి, వోల్టేజిని మల్టీమీటరుతో పోల్చాను. మల్టీమీటరు ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా కొద్దిపాటి ధరకే దొరుకుతుంది, కొండలెక్కేవారు ఒకటి ఉంచుకోవడం మంచిది. ఈ పరీక్ష సంగతి విన్న దుకాణదారు ఒకాయన, “అన్నా, సెల్లను గూడ ఫ్రిజ్ల పెట్టి కొనే గిరాకిని నేనైతే ఇప్పటిదాక జూడలే” అన్నారు గానీ, తరువాత ఆయనే తన దగ్గరున్న రకాలన్నీ తీసి కౌంటరుమీద పరిచారు.

గోడ గడియారాల్లో వేసే చవక జింక్-కార్బన్ సెల్లతో పరీక్ష చేయడం వృథా, వాటిలో శక్తే తక్కువ, పెద్ద కరెంటు అడిగితే వెచ్చటి గదిలోనే కుంగిపోతాయి. పరీక్షలో తేడా బాగా తెలిసింది ఆల్కలైన్ సెల్లతో. మన దుకాణాల్లో మంచివని చెప్పి ఇచ్చేవి ఇవే, రిమోట్లలో వేసే సన్న పెన్సిల్ సెల్లు, అంటే ట్రిపుల్ ఏ సైజువి. ఫ్రీజర్లో ఉన్న కొత్త ఆల్కలైన్ సెల్లు ఏ భారమూ లేనప్పుడు మల్టీమీటరుమీద చక్కగా 1.5 వోల్టులకు పైనే చూపిస్తాయి. దీన్ని చూసి మోసపోకూడదు. దీపాన్ని గరిష్ఠ స్థాయిలో వెలిగించగానే గదిలో ఉన్న సెల్లు ఇచ్చే వెలుగుకూ దీనికీ తేడా కంటికే కనిపించింది, కాసేపటికి అది ఇంకా మసకబారింది. సెల్లు తీసి అరచేతుల మధ్య రుద్ది వేడిచేసి వేస్తే వెలుగు మళ్లీ లేచింది. తయారీదారులు తమ పత్రాల్లో ఆల్కలైన్ సెల్లు మైనస్ 18, మైనస్ 20 డిగ్రీల దాకా పనిచేస్తాయనే రాస్తారు. అది అబద్ధం కాదు, కాకపోతే పనిచేయడం వేరు, నిండుగా శక్తినివ్వడం వేరు. గడియారం, రిమోట్ లాంటివి చుక్కచుక్కగా అడుగుతాయి కాబట్టి వాటికి ఆ తేడా తెలియదు. హెడ్‌ల్యాంపు గుక్కలుగా తాగుతుంది.

రీచార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఇదే పరీక్షలో నన్ను తృప్తిపరిచాయి. నేను వాడేవి పానసోనిక్ ఎనెలూప్. వీటి వోల్టేజి 1.2 మాత్రమే కాబట్టి బలహీనమైనవని చాలామంది అనుకుంటారు. అయితే వీటి అంతర్గత నిరోధం చాలా తక్కువ కావడం వల్ల దీపం అడిగిన కరెంటును కుంగకుండా ఇస్తాయి. మైనస్ 20 డిగ్రీల వరకు వాడవచ్చని కంపెనీ చెబుతుంది, ఫ్రీజర్లో నేను చూసినదీ దానికి తగ్గట్టే ఉంది. చార్జి చేసి బీరువాలో ఉంచినా నెలల తరబడి శక్తి నిలుస్తుంది. లోపం ఒక్కటే, ట్రిపుల్ ఏ సైజులో వీటి సామర్థ్యం 750 ఎంఏహెచ్ దగ్గరే ఉంటుంది. మూడు సెల్లు కలిపితే మొత్తం శక్తి సుమారు 2.7 వాట్ అవర్లు. ఏడాది పొడవునా బత్తాయి తోటలో, ఇంటి డాబామీద, భువనగిరి కొండ దగ్గర సాధనలో వాడుకోవడానికి ఇంతకు మించిన సెల్లు లేవని నా అభిప్రాయం. శిఖరం ఎక్కే రాత్రికి మాత్రం ఒక్క జత, అంటే మూడు సెల్లు, చాలకపోవచ్చు.

ఆ రాత్రికి నేను సిఫారసు చేసేది ఒకసారి వాడి పారేసే లిథియం సెల్లు. ఎనర్జైజర్ అల్టిమేట్ లిథియం పేరుతో దొరికే వీటిలో ఉండేది లిథియం-ఐరన్ డైసల్ఫైడ్. వీటి ద్రావణంలో నీరు ఉండదు కాబట్టి చలికి అంతగా బిగుసుకోదు. మైనస్ 40 నుంచి ప్లస్ 60 డిగ్రీల వరకు పనిచేస్తాయని తయారీదారు పత్రంలో ఉంది. ఫ్రీజర్లోంచి తీసిన దీపానికీ గదిలో ఉన్న దీపానికీ వెలుగులో తేడా పట్టుకోవడం వీటితో నాకు సాధ్యం కాలేదు. ట్రిపుల్ ఏ సెల్లు ఒకటి 7.6 గ్రాములు మాత్రమే, అదే సైజు ఆల్కలైన్ సెల్లు దాదాపు 11.5 గ్రాములుంటుంది. 1,200 ఎంఏహెచ్ చొప్పున మూడింటికి లెక్క కడితే 5 వాట్ అవర్లకు పైగా వస్తుంది. అంటే ఎనెలూప్ జతకు దాదాపు రెట్టింపు. కారకుండా ఇరవై ఏళ్ల దాకా నిల్వ ఉంటాయి. ధర మాత్రం ఆల్కలైన్‌కంటే చాలా ఎక్కువ, మన జిల్లా దుకాణాల్లో వెతికితే దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. కొత్త లిథియం సెల్లు భారం లేనప్పుడు 1.8 వోల్టుల దగ్గర ఉంటుంది, ఆ ఎక్కువ వోల్టేజి కొన్ని పాత దీపాలకు పడదు. కాబట్టి మీ దీపంతో వచ్చిన కాగితంలో లిథియం సెల్లు వేయవచ్చని ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఇంకో జాగ్రత్త ఉంది. ఇవి చివరిదాకా నిండుగా వెలిగి ఒక్కసారిగా దిగిపోతాయి, ఆల్కలైన్ లాగా ముందుగా మసకబారి హెచ్చరించవు. శిఖరం ఎక్కే రాత్రి కొత్త జత వేసుకుని, సగం వాడినవాటిని గుడారానికి ఉంచుకోవడం మేలు.

ఇక యాక్టిక్ కోర్‌లో వచ్చే లిథియం-అయాన్ బ్యాటరీ. ‘కోర్’ అని పిలిచే ఈ చిన్న బ్యాటరీ సామర్థ్యం 1,250 ఎంఏహెచ్, వాట్ అవర్లలో సుమారు 4.6. యూఎస్‌బీ తీగతో చార్జి అవుతుంది. ఈ దీపాన్ని నేను ఎంచుకోవడానికి అసలు కారణం ఇక్కడుంది. కోర్ బ్యాటరీని తీసేసి అదే గూట్లో మూడు ట్రిపుల్ ఏ సెల్లు వేసుకోవచ్చు. కరెంటు ఉన్న చోట రీచార్జి, లేని చోట సెల్లు. శిబిరాల్లో చార్జింగ్ వసతి ఉండదు కాబట్టి, బ్యాటరీ లోపలే అతికించి ఉన్న దీపాలకు పవర్ బ్యాంకు ఒక్కటే దిక్కవుతుంది. అక్కడే అసలు చిక్కు వస్తుంది. లిథియం-అయాన్ సెల్లు సున్నాకు దిగువన వెలుగు ఇవ్వగలదు, సామర్థ్యం కొంత తగ్గినా మైనస్ పది దగ్గర నమ్మకంగానే నడుస్తుంది. కానీ సున్నాకు దిగువన దాన్ని చార్జి చేయకూడదు. చల్లబడిన సెల్లులోకి కరెంటు పంపితే లిథియం లోపలికి ఇంకకుండా ఎలక్ట్రోడు పైన లోహపు పూతలాగా పేరుకుంటుంది. అది తిరిగి పోదు, సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది, సెల్లు భద్రతకూ ముప్పు. గుడారంలో చార్జి చేయవలసి వస్తే బ్యాటరీనీ పవర్ బ్యాంకునూ ముందు స్లీపింగ్ బ్యాగులో మన ఒంటి వేడికి వెచ్చబడనిచ్చి, అక్కడే చార్జి చేయాలి. ఈ ఒక్క మాటను ట్రెక్కుకు వెళ్లే ప్రతి ఒక్కరికీ చెప్పాలని నా కోరిక. ఫోనుకూ ఇదే వర్తిస్తుంది.

దీపం నిర్మాణం గురించి నాలుగు మాటలు. బ్యాటరీతో కలిపి బరువు 88 గ్రాములు, గంటల తరబడి నుదుటిమీద ఉన్నా ఒత్తిడి తెలియదు. ఒకే బటన్ ఉండటం దళసరి తొడుగులతో వాడేటప్పుడు పెద్ద సుఖం. కొనేముందు మీ తొడుగులు తీసుకుని వెళ్లి, కళ్లు మూసుకుని బటన్ వెతికి నొక్కి చూడండి. ఏ దీపానికైనా ఇదే నా మొదటి పరీక్ష. పట్టీని ఉన్ని టోపీమీదికీ, దానిపైన జాకెట్టు హుడ్‌మీదికీ సరిపోయేంత వదులు చేసుకోవచ్చు. దీపాన్ని కిందికి వంచే వీలుంది కాబట్టి వెలుగు అడుగుల దగ్గర పడేలా పెట్టుకోవచ్చు, మాట్లాడేటప్పుడు ఎదుటివారి కళ్లలో కొట్టదు. ఎర్ర వెలుగు ఉంది, గుడారంలో పక్కవారి నిద్ర చెడగొట్టకుండా బూట్లు వెతుక్కోవడానికి, చీకటికి అలవాటుపడిన చూపును కాపాడుకోవడానికి అది పనికొస్తుంది. సంచిలో దానంతటది వెలగకుండా లాక్ ఉంది. లాక్ లేని దీపమైతే ఒక సెల్లును తీసి విడిగా దాచుకోవాలి, లేకపోతే శిబిరం చేరేసరికి ఖాళీ అయిపోయి ఉంటుంది. నీటి రక్షణ ఐపీఎక్స్4, అంటే అన్ని వైపుల నుంచి పడే తుంపరను తట్టుకుంటుంది, నీటిలో మునిగితే హామీ లేదు. మంచు కురిసే చోటికి అది చాలు. కృష్ణా నది ఒడ్డున వాడేవారూ, వాగులు దాటేవారూ ఐపీఎక్స్7 ఉన్నదాన్ని చూసుకోవాలి, అది మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకోవాలన్న కొలత.

ధర మన లెక్కల ప్రకారం ఎక్కువే. చదువుకునే పిల్లలకు అంత పెట్టమని చెప్పడం నాకు న్యాయమనిపించదు. అదే కంపెనీలో టిక్కినా, టిక్కా అనే చిన్న దీపాలున్నాయి. అవి మూడు ట్రిపుల్ ఏ సెల్లతో వస్తాయి, కావాలంటే కోర్ బ్యాటరీని తరువాత విడిగా కొని వేసుకోవచ్చు. మొదటి ట్రెక్కుకు వెళ్లే విద్యార్థికి టిక్కినా, రెండు జతల (ఆరు) లిథియం సెల్లు అన్నదే నా సలహా. ఖరీదైన దీపంలో చవక ఆల్కలైన్ సెల్లు వేసుకున్నవారికంటే ఆ విద్యార్థి నిశ్చింతగా నడుస్తాడు. ఏ కంపెనీదైనా సరే, మూడు ట్రిపుల్ ఏ సెల్లు గానీ ఒక 18650 సెల్లు గానీ చేత్తో విప్పి మార్చుకునే వీలున్న దీపాన్నే తీసుకోండి. నల్లగొండలో, పాలమూరులో ఇలాంటివి చేతిలో పట్టుకుని చూసి కొనడం కష్టం. హైదరాబాదుకు ఎలాగూ బూట్ల కోసం వెళతారు కాబట్టి ఆ రోజే దీపాన్నీ తలకు కట్టుకుని చూసుకోవచ్చు.

వాడకంలో మరికొన్ని మెలకువలున్నాయి. పడుకునేటప్పుడు దీపాన్ని గుడారం జేబులో వేలాడదీయకుండా స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోండి. నడకలో అదనపు సెల్లను సంచిలో కాక జాకెట్టు లోపలి జేబులో, చొక్కాకు దగ్గరగా ఉంచండి, ఒంటి వేడి చాలు వాటికి. సెల్లు ఏ దిక్కుకు వేయాలో చీకట్లో వేలితో తడిమి గుర్తుపట్టేలా ఇంట్లోనే సాధన చేయండి. సెల్లను ముందే మూడేసి చొప్పున టేపుతో ఒకే వరుసలో చుట్టి ఉంచితే, తొడుగు తీసి ఉంచే సమయం బాగా తగ్గుతుంది. బయటి చలి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు దీపంమీద చెమ్మ పడుతుంది. గూడు విప్పకుండా కాసేపు ఆగి, పైన తుడిచాక విప్పాలి. ఫ్రీజర్ పరీక్షలో జిప్ కవరు వాడమన్నదీ ఇందుకే.

శంషాబాద్ నుంచి విమానంలో వెళ్లేవారు విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. సాధారణ పరిమితి 100 వాట్ అవర్లు కాబట్టి కోర్ బ్యాటరీ దరిదాపుల్లో కూడా ఉండదు. అయినా సెల్లు కొసలు ఒకదానికొకటి తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో వేసుకోవడం అవసరం.

తిరిగి వచ్చాక మన ఎండాకాలం గురించి ఆలోచించాలి. లిథియం-అయాన్ బ్యాటరీని నిండుగా చార్జి చేసి మే నెలంతా రేకుల గదిలో ఉంచితే, హిమాలయాల చలి చేయని నష్టం నల్లగొండ ఎండ చేస్తుంది. సగం చార్జితో, ఇంట్లో చల్లగా ఉండే అలమారాలో ఉంచాలి. ఆల్కలైన్ సెల్లను దీపంలోనే వదిలేస్తే వేడికి కారిపోయి, గూటిలోని లోహపు రేకులమీద తెల్లటి పొడి కడుతుంది. అది క్షారం. దూదిని నకిరేకల్ నిమ్మకాయ రసంలో తడిపి ఆ పొడిమీద అద్దితే చిన్నగా నురగ వచ్చి కరుగుతుంది. తరువాత తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరబెడితే చాలాసార్లు దీపం బతుకుతుంది. చేతికి తొడుగు వేసుకోవాలి, కంటికి తగలనీయకూడదు.

యాక్టిక్ కోర్ అందరికీ సరిపోదు. లద్దాఖ్‌లో గడ్డకట్టిన జంస్కార్ నదిమీద నడిచే చాదర్ యాత్రలో రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 నుంచి మైనస్ 30 దాకా దిగుతుంది. అక్కడ నుదుటిమీద ఉండే ఏ రీచార్జి బ్యాటరీమీదా పూర్తిగా ఆధారపడలేం, ఎనెలూప్ కూడా తన హద్దు దాటిపోతుంది. అంత చలికి వెళ్లేవారు బ్యాటరీ పెట్టె విడిగా ఉండి, తీగ ద్వారా దీపానికి కలిసే రకాన్ని కొనాలి. పెట్టెను జాకెట్టు లోపల ఉంచుకుంటే బయట ఎంత చలి ఉన్నా బ్యాటరీ వెచ్చగానే ఉంటుంది. అలాంటిది కొనలేకపోతే యాక్టిక్ కోర్‌లో లిథియం సెల్లు మాత్రమే వేసుకుని, కోర్ బ్యాటరీని ఇంట్లో వదిలి, లిథియం సెల్లే వేసిన టిక్కినా లాంటి రెండో చిన్న దీపాన్ని లోపలి జేబులో ఉంచుకుని వెళ్లాలి. చీకట్లో, ఆ చలిలో సెల్లు మార్చడంకంటే దీపాన్నే మార్చడం సులువు.